ఫ్రెడరిక్ లాంచెస్టర్

ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్ (అక్టోబరు 23, 1868 - మార్చి 8, 1946) ప్రముఖ ఆంగ్ల ఇంజనీరు, ఆవిష్కర్త, మోటారు కార్ల రూపకర్త. విమానాలు గాలిలో ఎలా నిలుస్తాయో వివరించే సిద్ధాంతానికి పునాది వేసినవారిలో ఒకడిగా, యుద్ధంలో బలాబలాలను గణితరీత్యా లెక్కగట్టిన "లాంచెస్టర్ సూత్రాల" కర్తగా కూడా ఈయన పేరు పొందాడు. అయితే మోటారు వాహన చరిత్రలో ఈయన స్థానం ప్రధానంగా రెండు పనులపై ఆధారపడి ఉంది. మొదటిది, నైపుణ్యం లేని వ్యక్తి కూడా సులువుగా గేర్లు మార్చగలిగే ఎపిసైక్లిక్ గేరుబాక్సును 19వ శతాబ్దం ముగియకముందే కారులో అమర్చడం. రెండవది, ఆరు సిలిండర్ల ఇంజన్లను పీడించిన క్రాంక్ షాఫ్టు కంపనానికి మందు కనుగొనడం. ఆరు సిలిండర్ల ఇంజనుకు ఆటోమేటిక్ గేరుబాక్సును జతచేయడం తరువాతి కాలంలో సాధారణ విషయమైపోయింది. దానికి రెండు వైపులనుండీ దారి వేసిన కొద్దిమందిలో లాంచెస్టర్ ఒకడు. ఈ ఆవిష్కరణల వలన ఈయనకు కీర్తి దక్కింది కాని ధనం దక్కలేదు.

బాల్యం, విద్యాభ్యాసం

లాంచెస్టర్ లండనులోని లూయిషామ్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి హెన్రీ జోన్స్ లాంచెస్టర్ వాస్తుశిల్పి. తల్లి ఆక్టేవియా పిల్లలకు పాఠాలు చెప్పేది. ఎనమండుగురు సంతానంలో ఈయన నాలుగవవాడు. ఈయనకు ఏడాది వయసున్నపుడు కుటుంబం సముద్రతీరంలోని బ్రైటన్ పట్టణానికి తరలి వెళ్ళింది.

ఈ కుటుంబంలో పేరు పొందినవారు మరికొందరున్నారు. పెద్దన్న హెన్రీ వాన్ లాంచెస్టర్ తండ్రివలె వాస్తుశిల్పి అయ్యాడు. జోధ్‌పూర్‌లోని ఉమైద్ భవన్ రాజప్రాసాదం ఆయన రూపకల్పనే. మద్రాసు నగర నిర్మాణ ప్రణాళికపై ఆయన వ్రాసిన పుస్తకం 1918లో వెలువడింది. చెల్లెలు ఎడిత్ సామ్యవాది. 1895లో ఆమె వివాహం లేకుండా ఒక కార్మికునితో కలసి జీవించ నిశ్చయించుకోగా, కుటుంబ సభ్యులు ఆమెను బలవంతంగా పిచ్చాసుపత్రిలో చేర్పించారు. ఆ సంఘటన ఆనాడు ఇంగ్లండులో పెద్ద దుమారం రేపింది. ఎడిత్ కుమార్తె ఎల్సా లాంచెస్టర్ హాలీవుడ్ నటిగా ప్రసిద్ధి చెందింది.

పాఠశాలలో ఫ్రెడరిక్ చెప్పుకోదగ్గ విద్యార్థి కాదు. తరువాత సౌతాంప్టన్‌లోని హార్ట్‌లీ సంస్థలో చదివి, ఉపకార వేతనంపై లండనులోని కెన్సింగ్టన్ విజ్ఞాన కళాశాలలో చేరాడు. అక్కడ చెప్పే చదువులో చేతిపని తక్కువని భావించి, సాయంత్రాలు ఫిన్స్‌బరీ సాంకేతిక పాఠశాలకు వెళ్ళి ఇంజనీరింగు నేర్చుకున్నాడు. చివరకు ఏ పట్టా లేకుండానే చదువు ముగించాడు.

గ్యాస్ ఇంజన్ల కర్మాగారంలో

1888లో లాంచెస్టర్ వారానికి మూడు పౌండ్ల జీతంపై ఒక పేటెంటు కార్యాలయంలో చిత్తుపటాలు గీసే ఉద్యోగంలో చేరాడు. ఆ పనిలో ఉండగానే గీతలు సమాన దూరంలో గీయడానికి ఒక సాధనాన్ని కనిపెట్టి దానికి పేటెంటు తీసుకున్నాడు. కొద్దికాలానికే బర్మింగ్‌హామ్‌లోని సాల్ట్‌లీలో ఉన్న ఫార్వర్డ్ గ్యాస్ ఇంజన్ కంపెనీలో సహాయ వర్క్స్ మేనేజరుగా అవకాశం వచ్చింది. ఉద్యోగ ఒప్పందంలో, ఈయన చేసే మెరుగుదలలన్నీ కంపెనీ సొత్తు అవుతాయన్న నిబంధన ఒకటి ఉండేది. లాంచెస్టర్ ఆ వాక్యాన్ని కొట్టివేసి మరీ సంతకం చేశాడు. ఇరవై ఏళ్ళ యువకుడు చూపిన ఈ జాగ్రత్త త్వరలోనే ఫలించింది. ఇంజను వేగాన్ని అదుపు చేసే లోలక గవర్నరును కనిపెట్టినందుకు, అమర్చిన ఒక్కొక్క గవర్నరుకు పది షిల్లింగుల చొప్పున ఈయనకు ప్రతిఫలం అందింది. పెద్ద గ్యాస్ ఇంజన్లను సులువుగా స్టార్టు చేసే పరికరం హక్కులను క్రాస్లీ కంపెనీకి విక్రయించాడు.

అప్పటి మేనేజరు మరణించగా ఆ పదవి లాంచెస్టర్‌కు దక్కింది. కాని 1893లో దానిని వదులుకొని తమ్ముడు జార్జికి అప్పగించి, సొంత ప్రయోగాలకు పూనుకున్నాడు. మరుసటి సంవత్సరం పెట్రోలు ఇంజనుతో నడిచే చిన్న పడవను తయారుచేసి ఆక్స్‌ఫర్డ్ వద్ద నీటిలో దింపాడు. పూర్తిగా బ్రిటనులోనే రూపొందిన తొలి మోటారు పడవగా దీనిని పరిగణిస్తారు.

తొలి కారు

1895లో లాంచెస్టర్ నాలుగు చక్రాల కారు నిర్మాణం ప్రారంభించాడు. 1896 తొలి నెలల్లో దానిని రోడ్డుమీద నడిపి చూశారు. అప్పటి బ్రిటిషు చట్టం ప్రకారం ఊళ్ళ వెలుపల గంటకు 4 మైళ్ళు (సుమారు 6 కి.మీ.) మించి వెళ్ళరాదు. ఆ పరిమితిని 14 మైళ్ళకు పెంచిన చట్టం 1896 నవంబరులో గాని అమలులోకి రాలేదు.

ఆ కాలపు కార్లు చాలావరకు గుర్రపు బగ్గీకి ఇంజను తగిలించినట్లు ఉండేవి. లాంచెస్టర్ కారు అలా కాదు. ప్రతి భాగాన్నీ కారు కోసమే ఆలోచించి తయారు చేశాడు. గాలి నింపిన టైర్లు వాడాడు. ఒకే సిలిండరు ఉన్న ఇంజనుకు రెండు క్రాంక్ షాఫ్టులు, రెండు ఫ్లైవీల్స్ పెట్టి, అవి ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరిగేటట్లు చేశాడు. ఒక దాని కుదుపును రెండవది చాలావరకు రద్దు చేయడం దీని ఉద్దేశం. ఇంజను శక్తి చాలలేదని తేలడంతో 1897లో రెండు సిలిండర్ల ఇంజనును అమర్చాడు. దానిలో కూడా ఇదే పద్ధతి. రెండవ కారుకు 1899లో రిచ్‌మండ్ ప్రదర్శనలో బంగారు పతకం లభించింది.

కుదుపు, కంపనం అనేవి ఇంజనుతో పాటు తప్పక వచ్చే లక్షణాలు కావనీ, వాటిని లెక్క కట్టి తొలగించవచ్చుననీ ఈయన నమ్మకం. తరువాత చేసిన పనులన్నిటిలోనూ ఈ నమ్మకమే కనిపిస్తుంది.

1899 డిసెంబరులో సోదరులు, మిత్రుల సహకారంతో లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ ఏర్పడింది. బర్మింగ్‌హామ్‌లోని స్పార్క్‌బ్రూక్‌లో కర్మాగారం నెలకొల్పారు. 1901 నుండి కార్ల అమ్మకం మొదలైంది. ఒక కారు భాగాన్ని తీసి మరొక కారుకు బిగిస్తే సరిగ్గా అమరాలన్నది ఈయన నియమం. అందుకోసం కొలమానాలు, గేజీలు, చివరకు మరల చుట్లను కూడా తమ కర్మాగారంలోనే నిర్ణయించుకున్నారు. ఆనాటి కార్ల తయారీదారులలో ఎక్కువమంది భాగాలను ఆకురాయితో అరగదీసి అమర్చుకొనేవారు. ప్రసిద్ధ రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ లాంచెస్టర్ కార్ల తొలి కొనుగోలుదారులలో ఒకడు.

ఎపిసైక్లిక్ గేరుబాక్సు

అప్పటి సాధారణ గేరుబాక్సులో పళ్ళచక్రాలు పక్కకు జరిగి ఒకదానితో ఒకటి కలుసుకోవాలి. రెండు చక్రాల వేగం సమానంగా లేకపోతే పళ్ళు గరగరమని రాసుకొని విరిగిపోయేవి. క్లచ్ తొక్కడం, యాక్సిలరేటరు సర్దడం, లివరు జరపడం అన్నీ సరిగ్గా ఒకే క్షణంలో జరగాలి. గేరు మార్చడం ఒక విద్యగా ఉండేది. కొన్నవారు చాలామంది ఆ పనికోసం జీతానికి డ్రైవరును పెట్టుకొనేవారు.

లాంచెస్టర్ ఈ పద్ధతిని మొదటినుండి తిరస్కరించాడు. ఎపిసైక్లిక్ లేక ప్లానెటరీ అనబడే గేర్లలో నడిమి చక్రాన్ని సూర్యునిగాను, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలను గ్రహాలుగాను, వీటన్నిటిని చుట్టి లోపలి వైపు పళ్ళున్న పెద్ద వలయాన్ని బయటి హద్దుగాను భావించవచ్చు. ఈ పళ్ళు ఎల్లప్పుడూ కలిసే ఉంటాయి. గేరు మార్చడానికి వాటిని విడదీయనక్కరలేదు. సూర్యచక్రాన్నో, గ్రహాల చట్రాన్నో, బయటి వలయాన్నో బ్రేకు వేసి కదలకుండా పట్టి ఉంచితే చాలు. పట్టుకున్న భాగాన్ని బట్టి వేగం తగ్గడమో, దిశ మారడమో జరుగుతుంది. ఏ భాగాన్నీ పట్టుకోకుండా రెండింటిని ఒకటిగా బంధిస్తే మొత్తం ముద్దగా తిరిగి, ఇంజను వేగమే నేరుగా చక్రాలకు చేరుతుంది.

ఈ గేర్లను లాంచెస్టర్ కనిపెట్టలేదు. గడియారాలలోను, యంత్రాలలోను అవి ముందునుండీ ఉన్నాయి. ఆ కాలంలోనే వాల్టర్ గోర్డన్ విల్సన్ అనే మరో ఇంజనీరు తన విల్సన్-పిల్చర్ కారులో ఇటువంటి గేర్లు వాడాడు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో కూడా రెండు వేగాల ప్లానెటరీ గేర్లు ఉండేవి. అయితే లాంచెస్టర్ వాటిని తన తొలి కారునుండే వాడాడు. ఖరీదైన, బరువైన కార్లకు సరిపోయేటట్లు అభివృద్ధి చేశాడు. బ్రేకుతో పట్టి వదలడం మీద ఆధారపడిన పద్ధతి కనుక, ఆ పట్టి వదిలే పనిని మనిషి చేయి చేయవచ్చు, యంత్రమే చేసుకోవచ్చు. తరువాతి ఆటోమేటిక్ గేరుబాక్సులలో ఎక్కువ భాగం ఎపిసైక్లిక్ గేర్లనే ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

గేరుబాక్సునుండి వెనుక ఇరుసుకు శక్తిని చేరవేయడానికి ఈయన వర్మ్ గేరును వాడాడు. నిశ్శబ్దంగా పనిచేసినప్పటికీ రాపిడిలో శక్తి వృథా అవుతుందని వర్మ్ గేరుకు చెడ్డపేరు ఉండేది. లాంచెస్టర్ దాని ఆకారాన్ని లెక్కించి, దానిని చెక్కే యంత్రాలను కూడా తానే తయారుచేశాడు. దాని సామర్థ్యం 95 శాతాన్ని మించినట్లు తరువాతి పరీక్షలలో తేలింది. 1902లో డిస్కు బ్రేకులకు కూడా పేటెంటు తీసుకున్నాడు. కార్లలో అవి విరివిగా రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

ఆరు సిలిండర్ల ఇంజను

కార్లకు గిరాకీ ఉన్నా, కంపెనీకి మూలధనం చాలలేదు. 1904లో అది రిసీవరు చేతికి వెళ్ళి, లాంచెస్టర్ మోటార్ కంపెనీ పేరుతో పునర్వ్యవస్థీకరించబడింది. ఆ సంవత్సరం నాలుగు సిలిండర్ల 20 అశ్వశక్తి కారు, 1906లో ఆరు సిలిండర్ల 28 అశ్వశక్తి కారు వెలువడ్డాయి. 20 అశ్వశక్తి ఇంజనులో సిలిండరు వ్యాసం 4 అంగుళాలు, పిస్టను ప్రయాణం 3 అంగుళాలు. పిస్టను ప్రయాణం వ్యాసంకంటె ఎక్కువగా ఉండటం ఆనాటి రివాజు కాగా లాంచెస్టర్ దానిని తలక్రిందులు చేశాడు. ఇంజనును ముందు భాగంలో కాక డ్రైవరుకు, పక్కన కూర్చున్నవారికి మధ్య అమర్చాడు.

వరుసగా నిలబెట్టిన ఆరు సిలిండర్ల ఇంజను ఒక విధంగా ఆదర్శప్రాయమైనది. పైకీ క్రిందికీ కదిలే పిస్టన్ల బలాలు ఒకదానితో ఒకటి సరిపోయి రద్దవుతాయి. అందుచేత 1904 తరువాత పెద్ద కార్ల తయారీదారులందరూ దానివైపు మొగ్గారు. కాని తయారుచేసి చూస్తే, ఒక నిర్దిష్ట వేగం వద్ద ఇంజను భయంకరంగా దడదడలాడేది. కొన్నిసార్లు క్రాంక్ షాఫ్టు రెండు ముక్కలయ్యేది. సమతౌల్యం ఉన్న ఇంజను ఎందుకు వణుకుతోందో చాలామందికి అంతుపట్టలేదు.

కారణం క్రాంక్ షాఫ్టు పొడవులో ఉంది. ఒక కొసన బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. రెండవ కొసన ఏమీ ఉండదు. ప్రతి సిలిండరులో పేలుడు జరిగినపుడు షాఫ్టు తడిబట్టను పిండినట్లు కొద్దిగా మెలి తిరిగి, మళ్ళీ వెనక్కు వస్తుంది. ఈ మెలికకు తనదైన సహజ పౌనఃపున్యం ఒకటి ఉంటుంది. సిలిండర్లలో పేలుళ్ళ వేగం దానితో కలిసినపుడు అనునాదం ఏర్పడి, ప్రతి దెబ్బకూ మెలిక పెరుగుతూ పోతుంది. ఊయలను సరైన సమయంలో తోస్తే అది అంతకంతకు ఎత్తుకు పోవడం వంటిదే ఇది. పొట్టిగా ఉండే నాలుగు సిలిండర్ల షాఫ్టులో ఈ ప్రమాదకర వేగం ఇంజను చేరలేనంత ఎత్తులో ఉండేది. ఆరు సిలిండర్ల షాఫ్టులో అది సరిగ్గా కారు నడిచే వేగాల మధ్యకు వచ్చింది.

షాఫ్టును మరీ లావుగా చేయడం ఒక మార్గం. లాంచెస్టర్ మరో మార్గం ఎంచుకున్నాడు. షాఫ్టు ముందు కొసన, అంటే మెలిక అత్యధికంగా ఉండే చోట, ఒక చిన్న ఫ్లైవీల్‌ను బిగుతుగా కాక జారేటట్లు అమర్చాడు. షాఫ్టుకు, చిన్న ఫ్లైవీల్‌కు మధ్య నూనెలో మునిగిన పలుచని పళ్ళేలు ఉంటాయి. షాఫ్టు నిలకడగా తిరిగినంతసేపు రెండూ కలిసి తిరుగుతాయి. షాఫ్టు మెలితిరగడం మొదలవగానే, చిన్న ఫ్లైవీల్ జడత్వం వలన దానిని అనుసరించలేక వెనుకబడుతుంది. పళ్ళేలు నూనెలో జారుతాయి. మెలికలోని శక్తి అక్కడ వేడిగా మారి హరించుకుపోతుంది. దీనికి 1910లో పేటెంటు తీసుకున్నాడు. ఇదే "లాంచెస్టర్ డాంపర్". ఇదే సమస్యను తన 40/50 కారులో ఎదుర్కొన్న హెన్రీ రాయిస్ కూడా రాపిడి మీద ఆధారపడిన ఇటువంటి పరిష్కారానికే చేరుకున్నాడు.

పాతకాలపు ఆరు సిలిండర్ల కార్లకు ఆధునిక ఆటోమేటిక్ గేరుబాక్సు అమర్చుకొనే అభిరుచి అనేక దేశాలలో ఉంది. ఆ పనికి పూనుకునేవారు మొదట ఇంజనుకు గేరుబాక్సుకు మధ్య బిగించే అడాప్టరు పలక గురించి, రెండింటి ఇరుసులు ఒకే గీతలో ఉండటం గురించి ఆలోచిస్తారు. బరువైన ఫ్లైవీల్ తీసివేసి దాని స్థానంలో పలుచని పలక, టార్క్ కన్వర్టరు పెట్టినపుడు షాఫ్టు చివరనున్న బరువు మారి, దానితో పాటు ప్రమాదకర వేగమూ జరుగుతుంది. అందువలన ముందు కొసన ఉన్న డాంపరును అలక్ష్యం చేయడానికి వీలులేదు. లాంచెస్టర్ చేసిన లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది.

డైమ్లర్ కంపెనీలో

సొంత కంపెనీ డైరెక్టర్లతో లాంచెస్టర్‌కు పొసగలేదు. కొనుగోలుదారులు అలవాటుపడిన పొడవాటి బానెట్, స్టీరింగ్ చక్రం తమ కార్లకూ ఉండాలని వారి వాదన. చాలాకాలం వరకు లాంచెస్టర్ కార్లకు చక్రానికి బదులు పడవ చుక్కాని వంటి పిడి ఉండేది. 1909లో ఈయన కావెంట్రీలోని డైమ్లర్ కంపెనీకి సాంకేతిక సలహాదారు అయ్యాడు. సొంత కంపెనీలో రూపకల్పన బాధ్యతలు క్రమంగా తమ్ముడు జార్జి చేతికి వెళ్ళాయి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే ఫ్రెడరిక్‌కు ఆ కంపెనీతో సంబంధం తెగిపోయింది.

డైమ్లర్ అప్పుడే నైట్ స్లీవ్ వాల్వ్ ఇంజన్ల తయారీ చేపట్టింది. వాటిలోని ఆరు సిలిండర్ల రకాన్ని క్రాంక్ షాఫ్టు కంపనం తీవ్రంగా బాధిస్తుండేది. లాంచెస్టర్ డాంపర్ ఆ బాధను తీర్చింది. నాలుగు సిలిండర్ల ఇంజనులోని వేరొక కంపనానికి కూడా ఈ కాలంలోనే పరిష్కారం చూపాడు. క్రాంక్ షాఫ్టుకు రెట్టింపు వేగంతో, ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరిగే రెండు బరువు షాఫ్టులను అమర్చడం దీని కిటుకు. 1970లలో మిత్సుబిషి కంపెనీ ఈ సూత్రాన్ని తన కార్లలో తిరిగి ప్రవేశపెట్టింది. ఆ తరువాత నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఇది సర్వసాధారణమైంది.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటను రంగంలోకి దించిన తొలి ట్యాంకులలో డైమ్లర్ వారి 105 అశ్వశక్తి ఆరు సిలిండర్ల స్లీవ్ వాల్వ్ ఇంజన్లే ఉండేవి. ఆ ట్యాంకు గేర్లు మార్చి దిశ తిప్పడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చేది. 1918లో వచ్చిన మార్క్ 5 ట్యాంకులో, పైన పేర్కొన్న విల్సన్ తన ఎపిసైక్లిక్ గేర్లను రికార్డో ఆరు సిలిండర్ల ఇంజనుతో జతచేశాడు. దానితో ఒక్కడే ట్యాంకును నడపగలిగాడు. ఎపిసైక్లిక్ గేరు వలన కలిగే లాభం ఎంతటిదో ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

విమాన శాస్త్రం, యుద్ధ గణితం

కార్లకంటె ముందే లాంచెస్టర్ మనసు గాలిలో ఎగరడం మీదికి పోయింది. రెక్కమీద లిఫ్టు ఎలా పుడుతుందో వివరిస్తూ 1894లో బర్మింగ్‌హామ్‌లోని ఒక విజ్ఞాన సంఘంలో ప్రసంగించాడు. 1897లో ఇదే విషయంపై వ్రాసిన పత్రాన్ని లండను పండిత సంఘాలు ప్రచురణకు స్వీకరించలేదు. రైట్ సోదరుల విమానం ఎగరడానికి అప్పటికి ఇంకా ఆరేళ్ళ వ్యవధి ఉంది. తన భావాలను 1907, 1908 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. రెక్క చుట్టూ గాలి సుడి తిరగడం వలన లిఫ్టు కలుగుతుందనీ, రెక్క కొసలనుండి సుడిగుండాలు వెనుకకు సాగుతాయనీ వాటిలో వివరించాడు. 1908లో జర్మనీలోని గోటింగెన్ వెళ్ళి ప్రాంటల్‌ను కలుసుకున్నాడు. ప్రాంటల్ ఈ ఆలోచనకు పటిష్టమైన గణిత రూపం ఇచ్చాడు. లాంచెస్టర్ వివరణ అర్థం చేసుకోవడం కష్టమని సమకాలికులు అనుకొనేవారు. ప్రాంటల్ సమీకరణాలు వచ్చాక గాని ఇంగ్లండులో చాలామంది ఈయన చెప్పినదాని విలువ గ్రహించలేదు. 1909లో ఏర్పడిన ప్రభుత్వ వైమానిక సలహా సంఘంలో ఈయన సభ్యుడిగా ఉన్నాడు.

1914లో ఒక ఇంజనీరింగు పత్రికలో వరుసగా వ్యాసాలు వ్రాసి, 1916లో వాటిని పుస్తకంగా తెచ్చాడు. ఆధునిక ఆయుధాలతో పోరాడే సైన్యపు బలం దాని సంఖ్యకు కాక సంఖ్య వర్గానికి అనుపాతంలో ఉంటుందని వీటిలో చూపాడు. అంటే ఇతర విషయాలు సమానమైతే, శత్రువుకంటె రెట్టింపు ఉన్న సేన బలం రెండింతలు కాదు, నాలుగింతలు. ఆపరేషన్స్ రీసెర్చ్ శాస్త్రానికి ఇది ఒక మూలగ్రంథమైంది. ఆ రంగంలో ఉత్తమ రచనలకు అమెరికాలో 1954 నుండి లాంచెస్టర్ పేరిట బహుమతి ఇస్తున్నారు.

ఎపిసైక్లిక్ గేరు పునరాగమనం

యుద్ధానంతరం జార్జి లాంచెస్టర్ రూపొందించిన "ఫార్టీ" కారులో 6.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, మూడు వేగాల ఎపిసైక్లిక్ గేరుబాక్సు ఉండేవి. రోల్స్ రాయిస్‌కు దీటైన కారుగా దానిని ఎంచేవారు. భారతదేశపు సంస్థానాధీశులు దానిని మోజుపడి కొన్నారు. అల్వార్ మహారాజు రాచరథం ఆకారంలో తయారు చేయించుకున్న లాంచెస్టర్ ప్రసిద్ధమైనది. అయితే ఎపిసైక్లిక్ గేరుబాక్సు తయారీకి ఖర్చు ఎక్కువ. 1923 ప్రాంతంలో విడుదలైన చిన్న కారుకు, దానిలోనూ ఆరు సిలిండర్లే ఉన్నా, సాధారణ జారుడు గేర్లు పెట్టారు. కంపెనీ తన మూలపురుషుని పద్ధతిని ఆ విధంగా విడిచిపెట్టింది.

అంతలో మరో దిక్కునుండి అదే గేరు తిరిగి వచ్చింది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ ఓడల టర్బైన్ల కోసం 1905లో ద్రవంతో శక్తిని చేరవేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఎదురెదురుగా పెట్టిన రెండు పంకాలలో ఒకటి తిరిగితే, దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది. గాలికి బదులు నూనె ఉన్న మూసిన పెట్టెలో ఇదే జరిగితే అది ఫ్లూయిడ్ కప్లింగ్ అవుతుంది. డైమ్లర్ కంపెనీ 1930లో దీనిని క్లచ్ స్థానంలో పెట్టి, విల్సన్ ఎపిసైక్లిక్ గేరుబాక్సుతో కలిపి కార్లలో ప్రవేశపెట్టింది. డ్రైవరు కావలసిన గేరును ముందుగా లివరుతో ఎంచుకొని, తరువాత పెడలు తొక్కితే చాలు. కారు ఆగినపుడు ఇంజను ఆగిపోదు. అంతేకాక, ఇంజనుకు చక్రాలకు మధ్య ఉన్న నూనె మెలితిప్పు కంపనాన్ని చక్రాలవైపు పోనీయదు.

1931 ఆరంభంలో లాంచెస్టర్ కంపెనీ డైమ్లర్ యాజమాన్యమైన బి.ఎస్.ఎ. వశమైంది. వెంటనే వచ్చిన లాంచెస్టర్ 15/18 కారులో రెండున్నర లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, ఫ్లూయిడ్ ఫ్లైవీల్, ఎపిసైక్లిక్ గేరుబాక్సు ఒకచోట చేరాయి. 1932లో జరిగిన మొట్టమొదటి ఆర్.ఎ.సి. ర్యాలీలో ఈ కారే ప్రథమ స్థానం పొందింది. కాని ఫ్రెడరిక్ లాంచెస్టర్‌కు ఈ కారుతో పని లేదు. డైమ్లర్ సలహాదారు పదవి 1929లోనే ముగిసింది. 1939లో జనరల్ మోటార్స్ సంస్థ ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమర్చిన హైడ్రామాటిక్ గేరుబాక్సులోనూ ఇవే రెండు అంగాలు ఉన్నాయి. గేరు ఎంపికను కూడా నూనె ఒత్తిడికే అప్పగించడం దానిలోని కొత్తదనం.

గేర్లే లేకుండా చేసే ప్రయత్నం కూడా లాంచెస్టర్ చేయకపోలేదు. 1927లో ఈయన పెట్రోలు ఇంజనును విద్యుత్ మోటారుతో జతచేసిన కారును తయారుచేశాడు. అది బర్మింగ్‌హామ్ విజ్ఞాన ప్రదర్శనశాల సేకరణలో చేరింది.

చివరి సంవత్సరాలు

లాంచెస్టర్ 1919లో, యాభై ఏళ్ళ వయసులో, చర్చి పురోహితుని కుమార్తె అయిన డొరొథియా కూపర్‌ను వివాహమాడాడు. 1924లో బర్మింగ్‌హామ్ శివారు మోస్లీలో తానే రూపకల్పన చేసిన "డయట్ ఎండ్" అనే ఇంటికి మారాడు. 1922లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1926లో రాయల్ ఏరోనాటికల్ సొసైటీ బంగారు పతకం లభించాయి.

1925లో సొంతంగా ఒక ప్రయోగశాల సంస్థను స్థాపించి, లౌడ్ స్పీకర్లు, గ్రామఫోను పరికరాలు తయారు చేశాడు. వాటి నాణ్యతను నిపుణులు మెచ్చుకున్నా వ్యాపారం నిలదొక్కుకోలేదు. ఆరోగ్యం క్షీణించడంతో 1934లో దానిని మూసివేయవలసి వచ్చింది. పార్కిన్‌సన్ వ్యాధి సోకింది. కంటిచూపు క్రమంగా మందగించింది. సంపాదన లేకపోవడంతో, తాను కట్టుకున్న ఇంట్లో ఉండటానికి కూడా దాతృత్వ సంస్థల సహాయం అవసరమైంది. ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఒప్పంద పత్రంలోని వాక్యాన్ని కొట్టివేసి సంతకం చేసిన మనిషికి, పేటెంట్లు ఎన్నో ఉన్నా వృద్ధాప్యంలో నిలకడైన ఆదాయం మిగలలేదు. ఈ కాలంలోనే సాపేక్ష సిద్ధాంతంపైన, కొలతల సిద్ధాంతంపైన పుస్తకాలు వ్రాశాడు. మారుపేరుతో కవితలు ప్రచురించాడు.

1945లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ఈయనకు జేమ్స్ వాట్ అంతర్జాతీయ పతకం ప్రదానం చేసింది. మరుసటి సంవత్సరం మార్చి 8న డయట్ ఎండ్‌లో మరణించాడు. ఈయనకు సంతానం లేదు.

తరువాత

కావెంట్రీలోని సాంకేతిక కళాశాల లాంచెస్టర్ పేరు ధరించి, 1970లో లాంచెస్టర్ పాలిటెక్నిక్ అయింది. 1987లో ఆ పేరు తొలగించారు. 1992లో అది కావెంట్రీ విశ్వవిద్యాలయంగా మారింది. అక్కడి గ్రంథాలయ భవనానికి ఈయన పేరు పెట్టి, ఈయన కాగితాలను, చిత్తుపటాలను భద్రపరచారు. తొలి కారు నిర్మించి వందేళ్ళయిన సందర్భంగా 1995లో బర్మింగ్‌హామ్‌లోని బ్లూమ్స్‌బరీ వీధిలో దాని లోహశిల్పాన్ని ప్రతిష్ఠించారు.

లాంచెస్టర్ పేరుతో తయారైన చివరి కారు "స్ప్రైట్". 1954లో ప్రకటించిన ఈ చిన్న కారులో ఆరు సిలిండర్లు లేవు, నాలుగే ఉన్నాయి. ఎపిసైక్లిక్ గేర్లతో కూడిన హాబ్స్ ఆటోమేటిక్ గేరుబాక్సు దీనికి అమర్చారు. కొద్ది సంఖ్యలో మాత్రమే తయారైన తరువాత 1956లో దీని నిర్మాణం ఆపివేశారు. దానితో లాంచెస్టర్ కార్ల తయారీ ముగిసింది.